లెక్కకు అందని ఒకటిన్నర కిలో

నాంపల్లి, హైదరాబాదు
3 మార్చి 1968, ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి వసుమతికి,

మామయ్య, అత్తయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మనుషులమంతా క్షేమం, టైపుమిషన్ ఒక్కటే కొంచెం దగ్గుతోంది. నువ్వు విశాఖపట్నంలో సుఖంగా దిగి ఆ ఎరువుల కర్మాగారంలో చేరినట్టు రాసిన ఉత్తరం గురువారం అందింది. నీ థీసిస్ మొదటి నాలుగు అధ్యాయాల రాతప్రతి కూడా రిజిస్టర్డ్ పార్సిల్లో నిన్న వచ్చింది. పోస్టుమ్యాన్ దగ్గర సంతకం పెట్టి తీసుకుని, దారం తెంపకుండా ముడి విప్పాను. మంచి దారం, పనికొస్తుంది.

మీ అత్తయ్య అడగమన్నవి ముందు అడిగేస్తాను, లేకపోతే వెనక నిలబడి గుర్తుచేస్తూనే ఉంటుంది. హాస్టల్లో అన్నం పెడుతున్నారా, రొట్టెలతో సరిపెడుతున్నారా? ఆ ఇనుప నిచ్చెనలు ఎక్కేటప్పుడు చీర కట్టుకునే ఎక్కుతున్నావా, ఇంకేమైనా ఇచ్చారా? అంత పెద్ద కర్మాగారంలో నువ్వు తప్ప ఇంకో ఆడమనిషి లేదని మావాడు వరప్రసాద్ చెప్పినప్పటి నుంచి ఆవిడకు మనసు మనసులో లేదు. నేను మాత్రం ధైర్యంగానే ఉన్నాను. నాలుగు కర్మాగారాలవాళ్ళు 'ఆడవారికి వసతి లేదు' అని ఒకే మాట నాలుగు రకాల కాగితాల మీద రాసి పంపిన జవాబులు నా ఫైలులో ఉన్నాయి. అయిదోవాళ్ళు రమ్మన్నారంటే వాళ్ళు కాస్త బుద్ధిమంతులే అయి ఉంటారు.

యూనివర్సిటీవాళ్ళ నిబంధనల కాగితాన్ని నా బల్ల ఎదుట గోడకు అంటించాను. ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వం నిబంధనలు చదివినవాణ్ణి, చదివించినవాణ్ణి. రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ళతోపాటు రైలెక్కి ఈ ఊరొచ్చినవాణ్ణి. అయినా కెమికల్ ఇంజనీరింగులో ఎం.టెక్. పట్టాకు పెట్టిన షరతులు చూస్తే నాకే ముచ్చటేసింది. ఎనిమిది పేపర్లు పాసవ్వాలి, అయ్యావు. సెమినార్ ఇవ్వాలి, జలుబుతో గొంతు పోయినా ఇచ్చావు. కర్మాగారంలో ఆరు వారాల శిక్షణ కావాలి, అదిప్పుడు నడుస్తోంది. ఇక మిగిలింది థీసిస్, దాని మీద మౌఖిక పరీక్ష. ఎడమవైపు అంగుళమున్నర మార్జిన్, వరుసకీ వరుసకీ రెట్టింపు ఎడం, బాండు పేపరు, నాలుగు బైండు కాపీలు, గైడు గారి ధ్రువపత్రం, ఫలితాలన్నీ స్వయంగా సాధించినవేనని నీ ప్రమాణపత్రం. ఆ ప్రమాణపత్రాలు బయల్దేరే ముందు నువ్వు సంతకాలు చేసి నా చేతికిచ్చినవి అయిదూ బీరువాలో భద్రంగా ఉన్నాయి.

ఇవన్నీ ఈ నెల ముప్ఫయ్యో తేదీ సాయంత్రం నాలుగింటిలోపు అందాలి. ఒక్క రోజు దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే అన్నారు. జూలైలో నీకు ప్రయోగశాలలో ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళు అందాకా ఆగరు. ఇప్పటికే నీకొక ఏడాది పోయింది. అరవైఅయిదులో ఎం.టెక్. సీటుకు పిలిచే ఇంటర్వ్యూ కార్డును తపాలావాళ్ళు ఏ సంచిలో పారేశారో గాని, దాని మూలంగా నువ్వు ఏడాది ఆలస్యంగా చేరావు. ఇంకో ఏడాది పోనివ్వను. నువ్వక్కడ నిచ్చెనలెక్కు, ఇక్కడి పని నాకు వదిలెయ్యి.

నిన్న సాయంత్రమే మొదలుపెట్టాను. పైన బాండు పేపరు, కింద నాలుగు పలచని కాగితాలు, మధ్యలో కార్బన్లు. అయిదో కాపీ మసగ్గా వస్తుంది, అది మనింట్లో ఉంటుంది. గ్రీకు అక్షరాలు మిషన్లో లేవు కాబట్టి ఖాళీ వదిలి పాళీతో రాస్తున్నాను. మిషన్ కింద పరిచిన ఫెల్టు గుడ్డ మురికిగా ఉందని, ఉతుకుతానని మీ అత్తయ్య పట్టుబట్టింది. దాన్ని కదిపితే మిషన్ వణుకుతుందని చెప్పి ఆపాను.

నీ పరిశోధన తవుడులోంచి నూనె తీయడం గురించి అని ఆవిడకు చెప్పాను. గేదెలకు పెట్టే తవుడుకి రెండేళ్ళ చదువెందుకంది. తవుడును హెక్సేన్ అనే పెట్రోలు లాంటి ద్రావకంలో నానబెడితే నూనె అందులోకి దిగుతుందని, తర్వాత వేడి చేస్తే ద్రావకం ఆవిరై పోయి నూనె మిగులుతుందని, ఆ ఆవిరిని చల్లార్చి మళ్ళీ ద్రావకంగా పట్టుకుంటారని నాకర్థమైనంత వివరించాను. అంతా విని, ఆ నూనెతో పూరీలు వేయించుకోవచ్చా అని అడిగింది. ఈ ప్రశ్నకు నీ థీసిస్‌లో జవాబు దొరకలేదు. ఉంటే ఏ పేజీలో ఉందో రాయి.

అయిదో అధ్యాయం పూర్తికాగానే పంపు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
జీతం లేని నీ టైపిస్టు,
భావనారాయణ

*

నాంపల్లి
12 మార్చి 1968, మంగళవారం

చిరంజీవి సౌభాగ్యవతి వసుమతికి,

ఆశీస్సులు. నీ కార్డు చేరింది. చీర కాదు, ఖాకీ ప్యాంటు ఇచ్చారని రాశావు. ఆ మాట నేను మీ అత్తయ్యకు రెండు రోజులు దాచి, మూడో రోజు భోజనాల తర్వాత చెప్పాను. నడుముకు వదులుగా లేదు కదా, బెల్టు ఇచ్చారా అని మాత్రం అడిగింది. మనిషి మారింది చూశావా.

నాలుగు అధ్యాయాలూ టైపయ్యాయి. గ్రాఫులు అబిడ్స్‌లో ప్రింటు తీయించాను. ఆ దుకాణంలో ప్రింట్లకు వాడే అమోనియా వాసన కళ్ళలో నీళ్ళు తెప్పించింది. ఈ వాసనలోనే మా కోడలు రెండేళ్ళు చదివిందని ఆ దుకాణదారుకు చెప్పాను. అతను అడగలేదు, నేనే చెప్పాను.

ప్రతి సాయంత్రం వరప్రసాద్ విద్యుత్ బోర్డు ఆఫీసు నుంచి రాగానే కాఫీ తాగి నా ఎదురుగా కూర్చుంటున్నాడు. మా ఆఫీసు పద్ధతి నీకు తెలుసుగా, ఒకరు అసలు ప్రతి పైకి చదవాలి, ఒకరు టైపు ప్రతి చూడాలి. వాడు నీ పట్టికలు చదువుతుంటే నేను సరిచూస్తున్నాను. బి.ఏ. చరిత్ర చదివినవాడికి ఆ మాటలు నోరు తిరగడం లేదు. అయినా గొంతు పెంచి చదువుతాడు, వీధిలోకి వినిపించాలని కాబోలు.

బైండింగు బాలమల్లుకి అప్పగించాను. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో కోర్టు కాగితాలు, బడి రిజిస్టర్లు కుట్టే మనిషి. నా రెట్టింపు వయసున్న కత్తెర, నాకంటే మంచి చూపు ఉన్నాయి అతనికి. నీ పేరు అట్ట మీద బంగారు అక్షరాలతో వేయాలంటే, 'కోడలమ్మ పేరా సారూ, గట్లయితే నేనే ఏస్త, పోరగాండ్లకియ్య' అన్నాడు. అక్షరాల అచ్చులు ఒక్కొక్కటే ఏరి నీ పేరు పేర్చి చూపించాడు. నిజం చెప్పొద్దూ, చూసి నాకు కాస్త గర్వమేసింది. పూర్తయిన నాలుగు అధ్యాయాలూ అతనికిచ్చేశాను. అయిదోది రాగానే అట్టలు వేయడమే తరువాయి.

ఇక నీకొక చిన్న మేలు చేశాను. నాలుగో అధ్యాయం అరవైఒకటో పేజీలో పదార్థాల లెక్క పట్టిక ఉంది కదా. లోపలికి పోసినవి తవుడు పది కిలోలు, ద్రావకం ముప్ఫై, మొత్తం నలభై. బయటికి వచ్చినవి నూనె ఒకటి పాయింట్ ఆరు, నూనె తీసిన తవుడు ఎనిమిదిన్నర, తిరిగి పట్టుకున్న ద్రావకం ఇరవైఎనిమిది పాయింట్ నాలుగు. మొత్తం ముప్ఫైఎనిమిదిన్నరే వస్తోంది. ఒకటిన్నర కిలో తేడా. రైలు తొందరలో రాసి ఉంటావు, పొరపాటు పడ్డావు. ఎక్కడ పడ్డావో కూడా కనిపెట్టాను. తవుడు, నూనె తూచినవి కాబట్టి తప్పుండదు. పోయి మళ్ళీ వచ్చేది ద్రావకమే కాబట్టి తప్పు అక్కడే ఉండాలి. అది ఇరవైతొమ్మిది పాయింట్ తొమ్మిది అయితే లెక్క నలభైకి నలభై సరిపోతుంది. అలాగే టైపు చేశాను.

వరప్రసాద్ చదువుతూ చదువుతూ ఆగి, ఆమె ఇరవైఎనిమిది పాయింట్ నాలుగు అనే రాసింది కదా నాన్నా, ఒకసారి ఉత్తరం రాసి అడుగుదాం అన్నాడు. నా చేతి మీదుగా తేడా ఉన్న స్టేట్‌మెంటు ఒక్కటి కూడా పైకి పోలేదని, కోడలి కాగితంతో ఆ పేరు పోగొట్టుకోనని చెప్పాను. వాడు తర్వాతి వరుస చదవడం మొదలుపెట్టాడు.

నీ గైడు సదాశివగారు పట్టికలున్న అధ్యాయం ముందుగా చూస్తానన్నారట కదా. ఒక కార్బన్ కాపీ, దాని వెనక నీ ప్రమాణపత్రం ఒకటి, ధ్రువపత్రం కాగితాలు రేపు ఉదయం ఖైరతాబాద్‌లో వారింటికి వెళ్ళి ఇచ్చి వస్తాను. అయిదో అధ్యాయం కోసం ఎదురుచూస్తున్నాను. అత్తయ్య మాగాయ పంపుతోంది, సీసా మూత తిప్పేటప్పుడు జాగ్రత్త.

ఇట్లు,
ఆశీస్సులతో,
మామయ్య

*

నాంపల్లి
20 మార్చి 1968, బుధవారం

చిరంజీవి సౌభాగ్యవతి వసుమతికి,

ఆశీస్సులు. అత్తయ్య, వరప్రసాద్ క్షేమం. నేను కూడా క్షేమమే అనుకో.

నీ ఉత్తరం, అయిదో అధ్యాయం సోమవారం ఒకే కవరులో అందాయి. ఉత్తరం నాలుగు వాక్యాలే. నువ్వు నన్ను కోప్పడతావనుకుంటే కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. 'మామయ్యా, ఆ ఒకటిన్నర కిలో ఏడబోయిందో నాకు తెల్వది. తెల్వదని రాసుడే నా పని. మీరు దాన్ని దొరికినట్టు రాసిన్రు. జర మార్చున్రి.' అంతే. మూడేళ్ళుగా మా ఇంట్లో నీ భాష వింటున్నాను, వేళాకోళం చేస్తున్నాను. దవాఖాన అన్నావని, కిరాయి అన్నావని నవ్వాను. ఈ నాలుగు వాక్యాలకు మాత్రం నవ్వు రాలేదు.

తర్వాత అయిదో అధ్యాయం చదివాను. మొత్తం అధ్యాయం ఆ ఒకటిన్నర కిలో గురించే ఉంది. గొట్టాల అతుకుల దగ్గర కొంత, తవుడును దించేటప్పుడు కొంత పోయి ఉండవచ్చని, ఎంతెంత పోయిందో తూచలేకపోయానని, దొరకనిది దొరకలేదనే చూపిస్తున్నానని రాశావు. చిన్న మిల్లుల్లో ఈ తేడాను ఎవరూ పుస్తకంలో చూపించరని, చూపించనంత మాత్రాన అది లేకుండా పోదని, గదిలో నేల మీద పొరలా పరుచుకుని ఉంటుందని, ఎవరైనా బీడీ ముట్టించిన రోజున బయటపడుతుందని రాశావు. ఆ పేజీ టైపు చేయడానికి నాకు గంట పట్టింది. మిషన్ బాగానే ఉంది, వేళ్ళే సాగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను దిద్దిన పేజీ అప్పటికే సదాశివగారి దగ్గరుంది. దాని వెనక నీ ప్రమాణపత్రం, దాని కింద నీ సంతకం ఉన్నాయి. ఫలితాలన్నీ నేను స్వయంగా సాధించినవి, ఏ మార్పూ చేయనివి అని నువ్వు ప్రమాణం చేశావు. మార్పు చేసింది నేను, అబద్ధమాడినట్టయింది నువ్వు.

మంగళవారం ఉదయం మొదటి బస్సుకే ఖైరతాబాద్ వెళ్ళాను. సదాశివగారు వరండాలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద నీ నాలుగో అధ్యాయం తెరిచి ఉంది. ఇరవైతొమ్మిది పాయింట్ తొమ్మిది చుట్టూ ఎర్ర పెన్సిలుతో గుండ్రం చుట్టి ఉంది. ధ్రువపత్రాలు పక్కనే ఉన్నాయి, ఒక్కదాని మీదా సంతకం లేదు. ఆయన నన్ను కూర్చోమని, ముప్ఫై కిలోల హెక్సేన్ పోసి ఇరవైతొమ్మిది పాయింట్ తొమ్మిది తిరిగి పట్టుకోవడం లోకంలో ఎవరివల్లా కాదని, తమ ప్రయోగశాల గొట్టాలతో అసలే కాదని నెమ్మదిగా చెప్పారు. ఈ అమ్మాయి ఇలా చేస్తుందని నేననుకోలేదు అన్నారు. ఆ మాట నీ గురించి ఆయన నోట వినడం కంటే నా ఉద్యోగం ఊడి ఉన్నా నయంగా ఉండేది.

ముప్ఫై ఏళ్ళలో నా తప్పు నేను ఒప్పుకున్న కాగితం ఒక్కటి లేదమ్మా. తప్పు వచ్చినప్పుడల్లా 'పొరపాటు దొర్లింది' అని రాసేవాళ్ళం, ఎవరో దొర్లించినట్టు. నిన్న మాత్రం లేచి నిలబడి, ఆ అంకె నేను మార్చానని, మా కోడలికి చెప్పకుండా మార్చానని, నా కొడుకు వద్దన్నా మార్చానని చెప్పాను. నీ రాతప్రతి చూపించాను. నీ ఉత్తరం కూడా చూపించాను, ఏమీ అనుకోకు. ఆయన ఆ నాలుగు వాక్యాలూ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. 'భావనారాయణగారూ, లెక్కలో తేడా రావడం మా వృత్తిలో తప్పు కాదండీ. తేడా లేనట్టు చూపించడమే తప్పు' అన్నారు. కోపంగా కాదు, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పారు. అరవై ఏళ్ళ వయసులో కొత్త పాఠం నేర్చుకున్నాను. వెంటనే ధ్రువపత్రాలన్నిటి మీదా సంతకం చేశారు. నేను తీసుకెళ్ళిన అయిదో అధ్యాయం అక్కడే చదివి, అన్నిటికంటే అదే మంచిదని, నీతో చెప్పవద్దని అన్నారు. చెప్పకుండా ఎలా ఉంటాను?

అక్కడి నుంచి నేరుగా బాలమల్లు దగ్గరికి వెళ్ళాను. నాలుగు అధ్యాయాలూ కలిపి కుట్టేసి ఉన్నాయి. అరవైఒకటో పేజీ మారాలన్నాను. దారం పట్టి లాగబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. 'కుట్టు గుంజితే కాగితం చినుగుతది సారూ. జర కూసోన్రి, ఒక్కొక్క పోగు కోసి తీస్త' అని, కత్తి మొనతో ఒక్కొక్క పోగే కోసి విప్పాడు. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. ఎవరు తప్పు చేశారని అడగలేదు. అడగకపోయినా, నేనే చేశానని చెప్పాను. ఒకసారి చెప్పడం మొదలుపెడితే సులువే అనిపిస్తోంది.

సాయంత్రం వరప్రసాద్‌ను కూర్చోబెట్టి అరవైఒకటో పేజీ మళ్ళీ టైపు చేశాను. వాడు 'ఇరవైఎనిమిది పాయింట్ నాలుగు' అని చదివి నా వంక చూశాడు. ఇరవైఎనిమిది పాయింట్ నాలుగు అని నేనూ పైకి చదివాను. మొత్తం ముప్ఫైఎనిమిదిన్నర. తేడా ఒకటిన్నర. అలాగే ఉంది. నాలుగైదు రోజుల్లో బాలమల్లు అట్టలు వేస్తాడు. ముప్ఫయ్యో తేదీకి ముందే నేనూ వరప్రసాద్ వెళ్ళి ఇచ్చివస్తాం. గడువు గురించి నువ్వు దిగులు పడకు.

మాగాయ సీసా పగలకుండా చేరిందని రాయి, మీ అత్తయ్య రోజూ అడుగుతోంది.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరే
భావనారాయణ

తా.క. ఉత్తరం ముగించి కవరు అంటించబోయి ఆగాను. నీ అయిదో అధ్యాయం టైపు చేసిన చేత్తో ఈ ఉత్తరం ఇలాగే పంపితే ఇది కూడా సరిపెట్టిన లెక్కే అవుతుంది.

వసుమతీ, అరవైఅయిదులో నీ ఇంటర్వ్యూ కార్డు తపాలాలో పోలేదు. జూన్ పధ్నాలుగు మధ్యాహ్నం నా చేతికే వచ్చింది. ఇంటర్వ్యూ ఇరవైఒకటిన. నువ్వు పెరట్లో బట్టలు ఆరేస్తున్నావు. పిలిచి ఇవ్వడానికి పది అడుగులు వేస్తే సరిపోయేది.

ఆ వారమే మీ అత్తయ్య జారిపడి కాలికి కట్టు వేయించుకుంది. నీ పెళ్ళయి నాలుగు నెలలు. నువ్వు కాలేజీకి వెళ్తే ఇల్లెవరు చూస్తారని ఆలోచించాను. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న కారణం అదే. కాని లెక్క అక్కడితో సరిపోదు. వంటమనిషిని పెట్టుకోవచ్చు, పెట్టుకోగలం కూడా. ఎం.టెక్. చదివిన భార్య పక్కన నిలబడితే గుమాస్తా అయిన నా కొడుకు చిన్నగా కనిపిస్తాడని భయపడ్డాను. వాడు ఎన్నడూ భయపడలేదు. వాడు నీ పట్టికలు వీధికి వినబడేటట్టు చదువుతున్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తూనే ఉంది.

వద్దని చెప్పే ధైర్యం కూడా లేకపోయింది నాకు. మా ఆఫీసులో కాదని రాయడం ఇష్టం లేని కాగితాన్ని పెండింగ్‌లో పెట్టేవాళ్ళం. రోజులు గడిచాక దాని పని అదే అయిపోతుంది, ఎవరి చేతికీ మసి అంటదు. నీ కార్డునూ అలాగే పెట్టాను. ఇరవైఒకటో తేదీ వచ్చింది, పోయింది. ఆ తర్వాత నువ్వు కార్డు రాలేదేమని నన్నే అడిగావు. తపాలావాళ్ళ మీద మూడు పేరాల ఫిర్యాదు నేనే ఇంగ్లీషులో రాసి నీ చేత సంతకం పెట్టించాను. కార్డు నా చేతికిచ్చిన పోస్టుమ్యాన్‌కు అది తెలుసు. అయినా ఇప్పటికీ నాకు నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకోవడం ఎంత కష్టమో చెప్పలేను.

మూడు నెలలు నువ్వు మీ అత్తయ్య కాలికి సేవ చేశావు. ఒకరోజు వంటింట్లో నువ్వు కళ్ళు తుడుచుకోవడం గడపలో నుంచి చూశాను. నన్ను చూసి, పొయ్యి పొగ అన్నావు. మరుసటి ఏడు దరఖాస్తు కాగితం కోసం పొద్దున్నే పోయి నిలబడింది నేనే. కాచిగూడలో మీ పుట్టింటివాళ్ళంతా ఇలాంటి మామగారు ఎక్కడైనా ఉంటాడా అన్నారు. ఆ పొగడ్త నోరు మూసుకుని రెండేళ్ళు తిన్నాను.

నిన్న మీ అత్తయ్యకు చెప్పాను. ఇవాళ పొద్దున కాఫీ రాలేదు. ఈ తా.క. మొదలుపెట్టానని చూశాక గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

కార్డు చింపేయలేదు. టైపుమిషన్ కింద, ఆ ఫెల్టు గుడ్డ కింద పెట్టాను. నీ థీసిస్ నూటపద్దెనిమిది పేజీలూ దాని మీదే టైపయ్యాయి. ఇందులో జతపరిచాను. కొంచెం మిషన్ నూనె అంటింది, క్షమించు. కార్డుకు మాత్రమే కాదు, అన్నిటికీ క్షమించమని అడుగుతున్నాను. క్షమించకపోయినా నీ మామయ్యనే.

ఒక్క పని మిగిలింది. కృతజ్ఞతల పేజీలో సదాశివగారి తర్వాత నువ్వు నా గురించి ఒక వాక్యం రాశావు. 'నా చదువు దారిలో మొదటి రోజు నుంచి నాకు అండగా నిలిచిన మా మామగారికి' అని. అది నిజం కాదు. తీసేయాలనిపించింది, కాని నీ కాగితంలో ఒక్క అక్షరం మార్చే హక్కు నాకు లేదని తెలుసుకున్నాను కాబట్టి నువ్వు రాసినట్టే టైపు చేశాను. ఆ ఒక్క ఆకును మాత్రం కుట్టకుండా ఉంచి, చివర్న అంటించమని బాలమల్లుకు చెప్పాను. ఉంచమంటావో, మార్చమంటావో, తీసేయమంటావో కార్డు మీద ఒక్క మాట రాయి. ఇరవైఎనిమిదిలోగా అందితే చాలు. ఏమని రాసినా సరే, నీ కార్డు వచ్చిన గంటలోనే ఆ పని చేస్తాను.